క్రైస్తవులైన మన కులబాంధవులు

(వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసపాఠము)



కార్యక్రమపత్రికయందు మా యుపన్యాసమునకు ‘మతము–కులైక్యము’ అని పేరుపెట్టియున్నారు. అది మిక్కిలి పెద్దపేరు. మేము చెప్పదలచినది చిన్నది. రేపటి యుదయమున మీ యెదుటకు రానున్న నిబంధనల సవరణలలో సభ్యత్వమునుగూర్చిన దొకటి కలదు. షెడ్యూల్డుకుల ధ్రువపత్రము కలవారే యీ సంఘమున సభ్యులుగా నుండవలెననియు, మన వసతిగృహమునందును విద్యానిధియందును వారి బిడ్డలకే చోటుండవలెననియు దాని తాత్పర్యము. దానిని వ్రాసినవారు దుర్బుద్ధితో వ్రాయలేదని మే మెఱుగుదుము. లెక్కలు సరిగా నుండవలెనను తలంపుతోనే వ్రాసిరి. కాని యా రెండు పంక్తులు అమలులోనికి వచ్చినయెడల నీ పందిరిక్రింద కూర్చున్నవారిలో నెందఱు లేచి వెలుపలికి పోవలసియుండునో వారు లెక్కించియుండరు. పోవలసినవారిలో మేమును ఒకరము. మేము మాదిగవారము. మా తాతతండ్రుల నాటినుండియు క్రైస్తవులము. ఈ రెండు మాటలను మా యింట నెవ్వరును ఒకదానికొకటి విరోధమని తలంపలేదు. విరోధమని వెలుపలివారు చెప్పగా వినియున్నాము. నేడు లోపలివారును చెప్పుదురేమో యను భయముచేత నీ వేదిక నెక్కితిమి.

మొదట నొక పాతకథ చెప్పవలెను. చదువుకొన్న మన పిల్లలకుగూడ నిది తెలియకున్నది.

ఒంగోలు ప్రాంతమున తలకొండపాడను గ్రామమందు యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగపెద్ద యొకడుండెను. తోళ్లవ్యాపారము ఆయన వృత్తి. బడిచదువు లేదు గాని తత్త్వజిజ్ఞాస మెండు. క్రైస్తవుడు గాకమునుపే యోగమార్గమును బోధించు గురువుల వెంటదిరిగి, తాను గ్రహించినదానిని చుట్టములకు జెప్పుచుండెడివాడు. వ్యాపారముమీద ఏలూరువైపు పోయినపుడు క్రొత్తమతమునుగూర్చి వినెను. 1866లో భార్యను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి, అమెరికను బాప్తిస్టు మిషనువారివలన బాప్తిస్మము పొందెను. జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలున కాపురము పెట్టినదియు నా సంవత్సరముననే. 1867 జనవరి మొదటితేదీన ఎనిమిదిమందితో నచ్చట సంఘ మేర్పడెను. ఆ నెలలోనే పేరయ్యగారి గ్రామమున ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. ఆ యిరువదియెనిమిదిమందికిని బోధించినది దొరగారు గాదు, పేరయ్యయే. వారు ఆయన చుట్టములును, చుట్టములకు చుట్టములును.

క్రొత్తగా చేరినవారికి మూడు కట్టుబాట్లు విధింపబడెను. ఆదివారమునాడు పనిచేయరాదు. చచ్చిన గొడ్డును తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. మహాశయులారా, వీనిలో మూడవది గ్రామపెద్దలకు పట్టినట్లు కానరాదు. మాదిగవాడు ఏ దేవునికి మ్రొక్కుచున్నాడో నాటి యూరిలో విచారించినవా డెవ్వడు? గుడిలోనికి రానీయని వానిని గుడి విడిచితివేమని యడుగుట యెట్లు? వారికి గిట్టనివి తక్కినవి. ఆదివారమునాడు కపిలెతిత్తి తెగినచో కుట్టుటకు మనిషి రాడు. గొడ్డు చచ్చినచో మునుపటివలె నీడ్చుకొనిపోవువాడు లేడు. జాతరనాడు డప్పుకొట్టుమన్న కొట్టడు. తరతరములుగా నోరుమూసికొని చేసిన చాకిరి ఒక్క వారమున ఆగిపోయెను. అందుచేత బావులు మూతపడినవి, బాటలు మూతపడినవి, అంగడివాడు ఉప్పు అమ్మడాయెను, కళ్లమునొద్ద రావలసిన మేర నిలిచిపోయెను, లేనిపోని నేరములు మోపి కొందఱిని ఠాణాలకు పంపిరి. ఇది మతద్వేషమని యిప్పటివారు వ్రాయుచుందురు. మా యభిప్రాయము వేఱు. అది పనివాడు చేయిదాటిపోయెనను కోపము. నేటికిని మన పల్లెలో నొకడు మతము మార్చుకొన్నాడని యూరివారు కోపించినపుడు, ఆ కోపముక్రింద నే పని యాగిపోయినదో మేము మొదట విచారింతుము.

ఒంగోలు పాఠశాలలో నింకొక సంగతి జరిగెను. అచ్చటికి పైకులములవారి పిల్లలు చదువుకొనుటకు వచ్చుచుండిరి. వారిలో కొందఱు క్రొత్తమతమునందు శ్రద్ధ చూపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని వారు చెప్పిరి. పదిమంది పెద్దకులమువారు కావలెనా, వేయిమంది మాదిగలు కావలెనా యను ప్రశ్న దొరగారి ముందుకు వచ్చెను. ఆయనయు ఆయన భార్యయు వేఱువేఱుగా గ్రంథము తెఱచి చూడగా, పౌలు కొరింథువారికి వ్రాసిన మొదటి పత్రికలో, లోకము నీచులుగా నెంచినవారిని దేవు డేర్పరచుకొనునను భాగమే యిరువురకును కనబడెనని ఆయన వ్రాసికొనియున్నాడు. మాదిగలకు తలుపు మూయబడలేదు. పైకులముల పిల్లలు బడి విడిచిపోయిరి. అది నష్టమని తెలిసియే ఆ దంపతులు సహించిరి. మన ప్రస్తుతవిషయమునకు నీ సంగతి యెంత దగ్గఱగా నున్నదో మీరే యూహింపుడు.

తరువాత 1876 మొదలు 1878 వఱకు గొప్పకరవు వచ్చెను. ప్రభుత్వమువారు బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండగా, క్లౌ దొర మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని కరవుపీడితులకు కూలియిప్పించెను. బువ్వకొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని ఆ కాలమున సంవత్సరమునకు పైగా బాప్తిస్మము లాపివేసెను. ఈ సంగతి మనవారిలో ‘గోధుమనూకకు అమ్ముడుపోయినవారు’ అని మమ్ము పరిహసించువారు గమనింతురుగాక. కరవు తగ్గినపిదప 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ బాప్తిస్మము లిచ్చినవారు దొరలు గారు. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దఱిద్దఱుగా వంతులువేసికొని నీటిలో నిలిచి యిచ్చిరి. వచ్చినవారు ఒక్కొక్కరుగా రాలేదు. ఇంటిపెద్ద ముందు నడువగా, వాని వెనుక కొడుకులు, కోడండ్రు, వియ్యాలవారు. బోధకులు ఊరూర తిరిగినదియు తమ చుట్టపువారి యిండ్లనే. ఎవరి యింట పిల్లనిచ్చిరో వారి యరుగుమీదనే కూర్చుండి బోధించిరి.

ఈ కథ చెప్పుటలో మా యుద్దేశ మిది. మతము మన కులమును చీల్చుకొని రాలేదు. కులబంధుత్వమను త్రోవనే నడచివచ్చినది. ఊరు వెలివేసినపుడు వారికి చోటిచ్చినది దొరల బంగళా గాదు, అది యన్నిపల్లెలకు చాలునది గాదు. చోటిచ్చినది పల్లెయే. బాప్తిస్మము పొందని మేనమామ, పొందిన మేనల్లునికి తన కుండలోని నీళ్లు పోసెను. మా ముత్తవ్వ చెప్పిన మాటగా మా తండ్రిగారు దీనిని మాకు జెప్పుచుండెడివారు. ఆ మేనమామ కడపటివఱకు బాప్తిస్మము పొందలేదు. ఆయన సమాధియు మా వారి సమాధులప్రక్కనే యున్నది. మన కులమున పూడ్చుటయే పూర్వాచారము గావున నా విషయమున తగవు రాలేదు.

ఇక ప్రభుత్వముమాట. దీనిని త్వరగా చెప్పెదము, మీలో న్యాయవాదులు పెక్కుమంది యున్నారు. 1936లో ఆంగ్లప్రభుత్వము షెడ్యూల్డుకులముల పట్టిక వేసినపుడే దేశీయక్రైస్తవులు అందు చేరరని వ్రాసిరి. స్వతంత్రభారతమున 1950 ఆగస్టు 10వ తేదీ రాష్ట్రపతి యుత్తరువు మూడవ పేరాయందు హిందూమతము గాక వేఱుమతము నవలంబించువారు షెడ్యూల్డుకులస్థులు గారని యుండెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులకును మహమ్మదీయులకును తలుపు తెఱువలేదు. మన రాష్ట్రమున 1970 నుండి మమ్ము వెనుకబడిన తరగతులలో ‘సి’ యను గుంపుగా నుంచి నూటికి ఒక్క పాలు చూపిరి. 2007లో రంగనాథమిశ్రా కమిషనువారు మతభేదము తీసివేయవలెనని సిఫారసు చేసిరి. 2022లో మాజీ ప్రధానన్యాయమూర్తి బాలకృష్ణన్‌గారి యధ్యక్షతన మఱియొక కమిషనును వేసిరి. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మాకు షెడ్యూల్డుకులస్థానము కోరుచు తీర్మానించినది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము, క్రైస్తవమతము నవలంబించిన బోధకునికి అత్యాచారనిరోధక చట్టపు రక్షణ చెల్లదని తీర్పుచెప్పినది. అనగా అదే నోట అదే తిట్టు తిట్టినను, ఆదివారమునాడు వాడెచ్చట కూర్చుండునో విచారించిన తరువాతనే యది యత్యాచారమా కాదా యని నిర్ణయింపవలెను. తిట్టినవాడు మాత్ర మట్టి విచారణ చేసి తిట్టడు.

ఇన్నిటిలో మా మనస్సును కలచినది చెన్నపట్టణపు వ్యాజ్యమొకటి. సూసై యను ఆదిద్రావిడుడు త్రోవప్రక్కన కూర్చుండి చెప్పులు కుట్టి జీవించుచుండెను. త్రోవప్రక్కన పనిచేయు చర్మకారులకు ఎండవానలనుండి కాపుదలగా ఉచితముగా చిన్నకొట్టు లిచ్చు పథకము ప్రభుత్వమువారు పెట్టిరి. అతని కియ్యలేదు, క్రైస్తవుడైనందున. అతడు సర్వోన్నతన్యాయస్థానము వఱకు పోయెను. 1985లో తీర్పు వచ్చినది. కులమువలని బాధ మతము మారిన పిదపను అంతే తీవ్రముగా నున్నదని చూపుటకు తగిన యాధారములు దాఖలు కాలేదు గనుక కోర్కె చెల్లదనిరి. న్యాయశాస్త్రము మాకు తెలియదు. ఆ యారె, ఆ తోలు, ఆ ధూళి మన కులవృత్తివానికి తెలిసిన యాధారములు. అవి న్యాయస్థానమునకు దాఖలుచేయవలసిన కాగితములని సూసైకి తెలియదు కాబోలు.

ఇంతవఱకు ప్రభుత్వము మమ్ము వెడలగొట్టిన కథ. ఇప్పుడు మన సంఘమునకు సంబంధించిన కథ. సవరణ వ్రాసినవారు దీనిని మఱచిరి.

గుంటూరు వైద్యకళాశాలలో ప్రవేశముగూర్చి 1976లో సర్వోన్నతన్యాయస్థానము ఒక తీర్పు చెప్పినది. ఆ విద్యార్థి తల్లిదండ్రులు మాదిగకులమునుండి క్రైస్తవులైనవారు. అతడు 1973లో హిందూమతమును స్వీకరించెను. అతనిని కులములోనికి తిరిగి చేర్చుకొంటిమని ధ్రువపత్ర మిచ్చినది తహసీలుదారు గాడు, అరుంధతీయ సంఘము. మనవంటి సంఘమే! కళాశాలవారు ఒప్పుకొనలేదు. న్యాయమూర్తు లేమనిరి? ఒకడు తన పూర్వుల కులమునకు చెందునా లేదా యనునది ఆ కులమువారు వానిని తమవానిగా నంగీకరింతురా లేదా యనుదానినిబట్టి యుండుననిరి. కులమువారు చేర్చుకొన్నచో చేరినట్లే. 2015లో కేరళనుండి వచ్చిన వ్యాజ్యమునందును ఈ సూత్రమునే మరల చెప్పిరి.

సోదరులారా, ఇందలి యర్థమును మెల్లగా చూడుడు. పట్టికలో నెవరుందురో ప్రభుత్వము నిర్ణయించును. దానికి పార్లమెంటున్నది, న్యాయస్థానమున్నది, మన వినతిపత్రము లున్నవి. కాని మనవా రెవరో నిర్ణయించు నధికారము మనదేయని దేశపు పెద్దన్యాయస్థానమే చెప్పినది. తిరిగివచ్చువానికి తలుపు తెఱచు తాళపుచెవి సంఘముచేతి కిచ్చినది. ఆ తాళపుచెవితోనే రేపు మనము, ఎచ్చటికిని పోక యింటిలోనే యున్నవారిని బయట పెట్టుదుమా? తహసీలుదారుని పట్టిక మనకు సభ్యత్వపు పుస్తకమైనచో, ఈ సంఘమును 1917లో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతన సభచేసి, పరు లిచ్చిన ‘పంచమ’ నామమును త్రోసివేసి, ఆదియాంధ్రులమని తమ పేరు తామే పెట్టుకొన్న పెద్దల వారసత్వమని చెప్పుకొనుట యెట్లు?

మతము మారినవాడు కష్టపడునని సుఖమున నున్నవారు ఊహింపలేరు. కొన్ని సంగతులు చెప్పక తప్పదు.

మా యింట ధ్రువపత్రముమీద నున్నదున్నట్లు వ్రాయించితిమి. మా పెద్దకుమారుడు ఇంజనీరింగు పరీక్ష వ్రాసిన యేట వానికి చోటు దొరకలేదు. మా తమ్ముడు క్రైస్తవుడు గాడు. వాని కుమారునికి అంతకు తక్కువ మార్కులతో చోటు దొరకినది. ఆ రాత్రి వీథిలో సందడి యణగినపిదప మా తమ్ముడు మిఠాయిపొట్లము చేతబట్టుకొని వచ్చి, ఇయ్యవలెనో కూడదో తెలియక వాకిట నిలిచెను. మా యింటివారే పొట్లము తీసికొని మొదట తాము తిని, పిదప పిల్లలకు పంచిరి. అన్నదమ్ములమధ్య ప్రభుత్వమువారి కాగితము వచ్చినది గాని బంధుత్వము తెగలేదు. మా తమ్ముడీ సభలోనే యున్నాడు. రేపటి సవరణ చెల్లినచో వాడు లోపల, మేము వెలుపల.

అందఱును అట్లు వ్రాయించుకొనలేరు. వ్రాయించుకొననివారిని మేము నిందింపము. కూలి చేసికొను తల్లి, తన బిడ్డకు చదువుదారి మూసికొనుమని చెప్పుట కెవరికి నోరువచ్చును? మాకు తెలిసిన పల్లెలలో ప్రతి రెండవ యింటను బిడ్డకు రెండుపేళ్లు. మందిరమున నొకటి, బడిలో నొకటి. బంధువుల పిల్ల యొకతె వసతిగృహమున చదువుచుండెను. పెట్టెలో బట్టల యడుగున బైబిలు దాచుకొని, దీప మార్పినపిదప సెల్లుఫోను వెలుతురున చదువుకొనెడిది. సెలవులలో వచ్చి మమ్మడిగెను: “పెదనాన్నా, పిలిచే పేరు ఒకటి, రాసే పేరు ఒకటి. రేపు నేను చచ్చిపోతే రాయిమీద ఏ పేరు చెక్కుతారు?” పదునెనిమిదేండ్ల పిల్ల యడుగవలసిన ప్రశ్నయా యిది! ఆమెకు మేము చెప్పినదేమనగా, పల్లెలో నిన్ను ‘పాపా’ యని పిలుచువారు చాలమంది యున్నారు, వారుండగా నీకు పేరు తక్కువ గాదు అని. దానితో ఆమెకు తృప్తికలిగినట్లు తోచలేదు.

ఇన్ని చెప్పి క్రైస్తవసంఘములు మమ్ము ఱెక్కలక్రింద పెట్టుకొని కాపాడినవని చెప్పినచో అది యసత్యమగును. మందిరములలోనికిని కులము వచ్చినది. మాలవారి మందిరము, మాదిగవారి మందిరము అని యొకే యూరిలో రెండు గంటలు మ్రోగుచున్న చోట్లు మీకును తెలియును. పైకులములనుండి క్రైస్తవులైనవారు మాతో బల్లయొద్ద రొట్టెను పంచుకొందురు గాని పిల్లను మాత్రమీయరు. కథోలికసంఘమున దళితకుటుంబమున పుట్టిన తెలుగువాడు పూల ఆంథోనిగారు కార్డినలగుటకు 2022 వఱకు వేచియుండవలసివచ్చెను. ఆ దినమున మా బాప్తిస్టు పల్లెలోగూడ మిఠాయి పంచిరి. అవి వేఱు సంఘములని యెవ్వరును వివాదపడలేదు.

ఇట్లు రెండు వాకిళ్లయొద్దను నిలిచిపోయినవారిలో జాషువ మహాకవిని మించినవాడు లేడు. 1895లో వినుకొండలో పుట్టినాడు. తండ్రి గొల్లకులమునుండి క్రైస్తవుడై బోధకుడైనవాడు. తల్లి లింగమ్మ మన కులపు ఆడుబిడ్డ. సంస్కృతము నేర్చి పద్యము చెప్పగా, నీ కులమేమని పండితు లడిగిరి. పురాణకథలు వ్రాయుచున్నాడు, వీడెక్కడి క్రైస్తవుడని క్రైస్తవు లడిగిరి. ఆయన యేమిచేసెను? 1941లో ‘గబ్బిలము’ వెలువరించెను. అందు దేవాలయమున కాలుపెట్టరాని యొక నిరుపేద, గుడిలోనికి నిరాటంకముగా పోగల గబ్బిలముచేత పరమేశ్వరునికి తన బాధ విన్నవించుకొనును. ఆ నిరుపేద యెవరు? అరుంధతి బిడ్డ. క్రైస్తవుని యింట పుట్టిన కవి, మన కులపువాని నోట శివునికి మొఱపెట్టించినాడు! పిమ్మట ‘క్రీస్తుచరిత్ర’ వ్రాసెను. 1964లో దానికి కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ‘గబ్బిలము’ వ్రాయునప్పుడు ఆయన క్రైస్తవము విడువలేదు, ‘క్రీస్తుచరిత్ర’ వ్రాయునప్పుడు తల్లి కులమును విడువలేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. నేడు మన ప్రతి సభలోను ఆయన పటము కట్టుచున్నాము. ఈ వేదికమీదను కట్టియున్నారు, చూడుడు. రేపటి నిబంధన ననుసరించి ఆ పటములోని వాని కీ సంఘమున సభ్యత్వము దొరకదు.

మా బోధకులలో కొందఱు చేసిన యపకారమునుగూడ చెప్పి ముగింతుము. డప్పు దయ్యముల వాద్యమని వారు బోధించిరి. వెట్టిగా, జాతరలో నొకని యాజ్ఞకు కొట్టిన డప్పును మన పూర్వులు విడిచుట న్యాయమే. ఆ డప్పుతోనే పేరయ్యగారి కాలమున మన బానిసత్వము మ్రోగెడిది. కాని 1994లో ఒంగోలునకు సమీపమున ఈదుముడిలో పుట్టిన దండోరా యుద్యమము ఆ డప్పునే మన హక్కుల వాద్యముగా మార్చినది. 2024 ఆగస్టులో సర్వోన్నతన్యాయస్థానము వర్గీకరణను సమ్మతించిన దినమున మా పల్లెలో డప్పు కొట్టినవారిలో సగముమంది క్రైస్తవులు. ఆ తీర్పువలన వారికి ధ్రువపత్రముమీద నొక్క యక్షరమును రాదు. ఐనను కొట్టిరి. ఏలయని మేము అడుగలేదు.

కొన్నియేండ్ల క్రిందట మా బంధువులలో నొకాయన చనిపోయెను. ఆయన క్రైస్తవుడు, అన్నదమ్ములు గారు. డప్పులవారు వచ్చి వీథిమొగమున నిలిచిరి. బోధకుడు, డప్పు మ్రోగినచో తాను ప్రార్థన చేయననెను. డప్పులవారు, మా యన్నను మూగగా పంపమనిరి. శవము ముంగిట నుండగా రెండుగడియలు వాదము జరిగెను. అప్పుడు చనిపోయినవాని అక్క, ఎనుబదియేండ్ల ముసలిది, కఱ్ఱ యూతతో లేచి యిట్లనెను: “డప్పు లేకుండా నా తమ్ముడు గడప దాటడు. పాట లేకుండా గుంటలోకి దిగడు. సమాధులకాడిదాకా మీరు కొట్టండి. ఆడ ఆపండి. ఆణ్ణించి వాళ్లు పాడతారు.” అట్లే జరిగెను. ఆ యూరిలో నేటికిని అదే పద్ధతి. ఏ పీఠాధిపతియు, ఏ మహాసభయు చేయని నిబంధన ఆమె చేసినది.

సవరణను సమర్థించువారి వాదము మేము వినియున్నాము. ప్రభుత్వమువారు సంఘమును తనిఖీచేసి, క్రైస్తవులున్నారు గనుక మీ సంఘము షెడ్యూల్డుకులసంఘము గాదందురేమోయని వారి భయము. ఆ భయము నిరాధారమని మేమనము. కాబట్టి ప్రభుత్వసహాయధనముతో నడచు పనులకు ప్రభుత్వనిబంధనయే పాటింతుము, అందు మాకు తగవు లేదు. ఆ లెక్కలు వేఱుపుస్తకమున నుంచుడు. కాని వసతిగృహపు గోడలు లేచినది ప్రభుత్వధనముతో గాదు. ఇటుకకు ఇంత యని పల్లెపల్లెను చందాలు పోగుచేసితిమి. ఆ చందాపుస్తకములు కార్యదర్శిగారి బీరువాలో నున్నవి. తీసి చూడుడు. ఏసుదాసు, మరియమ్మ, పౌలు, రత్తమ్మ, వెంకటేశు, అందఱును వరుసగా నున్నారు. విద్యానిధియు నట్టిదే. మతము మారినవానికి ప్రభుత్వపు విద్యార్థివేతనము తక్కువ, లేదా లేదు. అట్టివాని బిడ్డకే యీ నిధి యెక్కువగా నవసరము. ఉన్నవానికి మఱియొకటి చేర్చి, లేనివానిని త్రోసివేయు నిధి మన పెద్దలు పెట్టినది గాదు.

మఱియొకవాదము గలదు. క్రైస్తవులు తమ మందిరము లున్నవిగదా, అచ్చటనే సంఘము పెట్టుకొనవచ్చునుగదా యని. మందిరము మాకు ప్రార్థనకు చోటు. మా పిల్లకు సంబంధము చూచుటకు, మా పొలముగట్టు తగవు తీర్చుటకు, పట్టణమున అద్దెయిల్లు దొరకక తిరుగునప్పుడు అరుగుచూపుటకు మందిరము చాలదు. ఇండ్లు అద్దెకిచ్చువాడు మా పేరులోని ‘పాల్’ను వినియు, ఏ పాల్ అని యడుగును. అప్పుడు మాకు దిక్కు మీరే.

కావున సవరణకు ప్రతిగా మే మీ క్రింది వాక్యమును ప్రతిపాదించుచున్నాము: “మన కులమునందు పుట్టినవారును, మన కులమువారు తమవారిగా నంగీకరించినవారును, ఏ మతము నవలంబించినను ఈ సంఘమున సభ్యులగుటకు నర్హులు. వసతిగృహమునందును విద్యానిధియందును వారి సంతానమునకు సమానముగా చోటుండవలెను. ప్రభుత్వసహాయముతో నడచు పథకములు మాత్రము ప్రభుత్వనిబంధనల ననుసరించి నడపబడవలెను.” దీనిని బలపరచుటకు మా తమ్ముడు ఒప్పుకొన్నాడు. అతడు క్రైస్తవుడు గాడని మునుపే మనవిచేసితిమి.

ఈ వాక్యపు ప్రతులు భోజనశాల ద్వారమునొద్ద నుంచితిమి. రేపు తొమ్మిదిగంటలకు నిబంధనల చర్చ ప్రారంభమగును. దూరమునుండి వచ్చినవారు రైలువేళకు ముందుగా పోవలసియున్నచో, ఈ రాత్రియే తమ యభిప్రాయమును వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చిపోవలసినదిగా కోరుచున్నాము.